యుద్ధంలో పెరిగిన పిల్లలు: తెలంగాణ సాయుధ పోరాటం, సినిమా

ఊళ్లో తుపాకులు పేలుతుంటే ఆ ఊళ్లోనే బాల్యం గడిపిన పిల్లల కథలు ప్రపంచ సినిమాలో ఒక ప్రత్యేక శాఖగా పెరిగాయి. స్పెయిన్, లెబనాన్, ఎల్ సాల్వడార్, కంబోడియా, శ్రీలంక వంటి అంతర్యుద్ధాలు చూసిన దేశాల మీద అలాంటి సినిమాలు వచ్చాయి. తెలుగునేల మీద వాటికి సాటి వచ్చే అనుభవం 1946 నుంచి 1951 దాకా సాగిన తెలంగాణ సాయుధ పోరాటం. దాన్ని అంతర్యుద్ధం అనాలా, రైతాంగ తిరుగుబాటు అనాలా అన్నది చరిత్రకారుల తగవు. దొర ఉండే గడి ముందు నాన్న తన్నులు తినడం చూసిన పిల్లవాడికి, అడవిలోకి పోయిన అన్న తిరిగి రాని పిల్లవాడికి ఆ తగవుతో పని లేదు. వాడు చూసింది యుద్ధమే. ఒకే రాజ్యంలోని మనుషులు రెండుగా చీలి ఒకరినొకరు చంపుకున్న యుద్ధం. దాని చివరి మూడేళ్లలో భారత సైన్యం కూడా అందులో దిగింది.

ఈ అనుభవాన్ని నేరుగా తెరకెక్కించిన తొలి పెద్ద ప్రయత్నం 'మా భూమి'. 1979లో నిర్మాణమై 1980లో జనం ముందుకు వచ్చిన ఈ సినిమానే ఈ వ్యాసానికి కేంద్రం. ఆ తర్వాత వచ్చిన కొన్ని తెలుగు సినిమాలు, తెలుగులోకి అనువాదమైన ఒక తమిళ సినిమా, పోల్చి చూసేందుకు కొన్ని విదేశీ సినిమాలు దాని చుట్టూ వస్తాయి.

సిద్దిపేట చుట్టుపక్కల

సిద్దిపేట జిల్లా చిన్నకోడూరులో నిలబడి చూస్తే ఈ కథకు సంబంధించిన మూడు ఊళ్లు మూడు దిక్కుల్లో ఉంటాయి. తూర్పున హుస్నాబాద్. ఆ ప్రాంతంలోని మహ్మదాపూర్ గుట్టల్లో 1948 మార్చి 14న దళ నాయకుడు అనభేరి ప్రభాకరరావు తన సహచరులతో కలిసి నేలకొరిగాడు. ఆగ్నేయంలో బైరాన్‌పల్లి, దాని మీద పడిన దాడి సంగతి తర్వాత వస్తుంది. నైరుతిలో, గజ్వేల్ పక్కన, ప్రజ్ఞాపూర్. 'మా భూమి' నిర్మాతల్లో ఒకరైన బి. నర్సింగరావు 1946లో అక్కడే పుట్టాడు. పోరాటం మొదలైన ఏడే ఆయన పుట్టిన ఏడు. తెరమీద 'బండెనక బండి కట్టి' పాడిన గద్దర్‌ది తూప్రాన్. అదీ పాత మెదక్ జిల్లాయే.

2016 అక్టోబర్ 11న సిద్దిపేట జిల్లా ఏర్పడేదాకా ఈ ఊళ్లన్నీ ఒకే జిల్లాలో లేవు. చిన్నకోడూరు, ప్రజ్ఞాపూర్ మెదక్‌వి. హుస్నాబాద్ కరీంనగర్‌ది. బైరాన్‌పల్లి వరంగల్ జిల్లా లెక్కలో ఉండేది. పోరాట చరిత్ర అంటే నల్లగొండ, వరంగల్, ఖమ్మం పేర్లే ముందు వినపడతాయి. అందులో అన్యాయం లేదు, పోరు కేంద్రం అటువైపే. కానీ ఆ గాలి ఇటువైపూ వీచింది. ఇవాళ రంగనాయక సాగర్ నీళ్లు నిలిచిన చంద్లాపూర్, దాని చుట్టుపక్కల ఊళ్లు కూడా అప్పుడు నిజాం రాజ్యంలో, అదే దొరల పాలన కిందే ఉన్నాయి.

గడి, వెట్టి, సంఘం

సినిమా అర్థం కావాలంటే ఆ రోజుల్లో పిల్లవాడి బతుకు తెలియాలి. తండ్రి అప్పు తీరేదాకా కొడుకు దొర దగ్గర జీతం ఉండేవాడు. అప్పు తీరేది కాదు. కొడుకు తర్వాత మనవడూ అదే పశువుల కొట్టంలో తేలేవాడు. దీనికి భగేలా అని పేరు. నిజాం ప్రభుత్వం 1936లో దాన్ని అదుపు చేస్తున్నామంటూ చట్టం కూడా చేసింది. చట్టం హైదరాబాద్‌లో ఉంది, కొట్టం ఊళ్లో ఉంది. వెట్టి దానికి వేరు. చాకలి, కుమ్మరి, మంగలి, మాదిగ, ఎవరి కులప్పని వాళ్లు గడికి ఉత్తపుణ్యానికి చేయాలి. ఒక అధికారి ఊరికి వస్తే అతని మూట మోసుకుంటూ పక్క ఊరిదాకా పరుగెత్తాలి. ఆడపిల్లలనైతే దొరబిడ్డ పెళ్లయి అత్తగారింటికి పోయేటప్పుడు అరణంగా పంపేవాళ్లు.

భూమి ఎంత కొద్దిమంది చేతుల్లో ఉండేదో చెప్పడానికి రెండు పేర్లు చాలు. సూర్యాపేట వైపు జన్నారెడ్డి ప్రతాపరెడ్డికి లక్షా యాభై వేల ఎకరాలు, విసునూరు దేశ్‌ముఖ్‌కు నలభై వేల ఎకరాలు ఉండేవని కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య రాశాడు. ఆంధ్ర మహాసభ ఊళ్లలోకి వచ్చి 'సంఘం' అయింది. 1946 జూలై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమురయ్య చనిపోవడంతో కర్రలు, వడిసెలలు పట్టిన సంఘం కొంతకాలానికి తుపాకి పట్టింది. 1947 సెప్టెంబర్ 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ సాయుధ పోరాటానికి పిలుపునిచ్చారు. మూడు వేల ఊళ్లు, పది లక్షల ఎకరాల పంపిణీ, నాలుగు వేల మంది ప్రాణాలు అన్నది పోరాటం నడిపిన కమ్యూనిస్టు పార్టీ చెప్పే లెక్క. 1951 అక్టోబర్ 21న పోరాటాన్ని విరమించారు.

ఈ ఐదేళ్లలో పిల్లలు ఊరికే చూస్తూ కూర్చోలేదు. దళానికి సద్ది మోసింది వాళ్లు. గొడ్లు కాస్తున్నట్టు కూర్చుని పోలీసుల రాక చూసి చెప్పింది వాళ్లు. చీటీలు ఊరి నుంచి ఊరికి చేరవేసింది వాళ్లు. పశులు కాసే పోరణ్ణి ఎవరూ అనుమానించరు, అదే వాడి బలం. చీటీతో దొరికిపోతే ఆ బలం ఒక్క నిమిషంలో పోతుంది.

బైరాన్‌పల్లిలో నిజాం పక్షాన తుపాకి పట్టిన రజాకార్ల దాడులను ఊరివాళ్లు అంతకుముందు తిప్పికొట్టారు. బురుజు మీద కాపలా, చేతిలో బర్మారు తుపాకులు. 1948 ఆగస్టు 27 తెల్లవారుజామున రజాకార్లతో పాటు నిజాం సైన్యం కూడా వచ్చి ఊరి మీద పడింది. దొరికిన మగవాళ్లను వరుసగా నిలబెట్టి కాల్చారు. చనిపోయినవారు 96 మంది అని కొందరు, 118 మంది అని కొందరు చెబుతారు. సరిగ్గా మూడు వారాలకు, సెప్టెంబర్ 17న, నిజాం లొంగిపోయాడు. ఆ బురుజు ఇప్పటికీ ఉంది.

మా భూమి

'మా భూమి'కి ఆధారం కృషన్ చందర్ ఉర్దూలో రాసిన 'జబ్ ఖేత్ జాగే' నవల. తెల్లారితే ఉరికంబం ఎక్కాల్సిన తెలంగాణ యువ రైతు రాఘవరావు ఆ చివరి రాత్రి జైలు గదిలో తన బతుకంతా నెమరేసుకోవడం నవల నడక. అంటే కథ మొదలయ్యేసరికే దాని ముగింపు పాఠకుడికి తెలుసు. చిన్నతనం అంతా చావు వెలుగులో కనిపిస్తుంది. సినిమా ఆ చట్రాన్ని వదిలేసింది. రాఘవరావు రామయ్య అయ్యాడు. కథ చివరి నుంచి వెనక్కి కాక, ఊరి రోడ్డు మీద నడిచినట్టు ముందుకే సాగుతుంది. ఈ మార్పు వల్ల ఒక నష్టం, ఒక లాభం కలిగాయి. నవలలోని ఒంటరి జ్ఞాపకం పోయింది. దాని స్థానంలో ఊరు వచ్చింది.

నిర్మాతలు నర్సింగరావు, జి. రవీంద్రనాథ్. దర్శకుడు గౌతమ్ ఘోష్ బెంగాలీ. అప్పటికి డాక్యుమెంటరీలు తీసినవాడు, కథాచిత్రం ఇదే మొదటిది. తెలుగు రాని దర్శకుడు, సినిమా తీసిన అనుభవం లేని నిర్మాత, నటన చదువుకోని ఊరివాళ్లు. కాగితం మీద చూస్తే ఇది దివాలా తీయాల్సిన లెక్క. చిత్రీకరణ చాలావరకు మెదక్ జిల్లా మంగళపర్తిలో జరిగింది. అక్కడి గడి సెట్టు కాదు, నిజంగా దొర బతికిన ఇల్లు. తెరమీద గడి ముందు నిలబడ్డ జనంలో ఎందరికో దాని గురించి ఎవరూ నేర్పాల్సిన అవసరం లేదు. సినిమా నలుపు తెలుపుల్లో ఉంటుంది. 1979 నాటికి తెలుగు తెర చాలావరకు రంగులమయమైపోయింది కాబట్టి ఈ నలుపు తెలుపు ఆ రోజుల్లో పేదరికంలా కనిపించి ఉంటుంది. ఇవాళ చూస్తే పాత వార్తాచిత్రం దొరికినట్టుంటుంది.

రామయ్య పాత్ర సాయిచంద్‌ది. ఆయన రచయిత త్రిపురనేని గోపీచంద్ కొడుకు. తెరకు ఇదే తొలి పరిచయం. కాకరాల, రాళ్లపల్లి, తెలంగాణ శకుంతల, భూపాల్‌రెడ్డి వంటివారు మిగతా పాత్రల్లో కనిపిస్తారు.

కథ వెట్టివాడి కొడుకుతో మొదలవుతుంది. రామయ్యకు చంద్రి అనే లంబాడా పిల్ల అంటే ఇష్టం. ఆ పిల్ల దొర కోరికకు లొంగక తప్పని పరిస్థితి వస్తుంది. రామయ్య మొదట పోరాడడు. కోపంతో, అసహ్యంతో ఊరు విడిచిపోతాడు. ఇది సినిమాలో చాలా నిజాయితీ ఉన్న చోటు. మామూలు తెలుగు సినిమా హీరో అయితే అక్కడే గొడ్డలి ఎత్తేవాడు. రామయ్యకు గొడ్డలి ఎత్తడం చేతకాదు. ఎందుకంటే గడి తప్పు చేస్తుందని తెలిసినా, గడి లేకుండా లోకం ఉంటుందని వాడికి తెలియదు. ఆ సంగతి తెలియడానికి వాడు హైదరాబాద్ దాకా పోవాలి.

నగరంలో రామయ్య కూలి అవుతాడు. అక్కడ మక్బూల్ అనే కార్మిక నాయకుడు పరిచయమవుతాడు. మఖ్దూం మొహియుద్దీన్‌ను గుర్తుచేసే పాత్ర అది. ఊళ్లో చిన్నప్పటి నుంచి వినలేని మాటలు రామయ్య ఇక్కడ వింటాడు. అక్షరం దిద్దుతాడు. పిల్లవాడు పెద్దవాడయ్యే మలుపు చాలా దేశాల సినిమాల్లో మొదటి చావు దగ్గరో, మొదటి ప్రేమ దగ్గరో వస్తుంది. ఇక్కడ చదువు దగ్గర వస్తుంది. సంఘం నడిపిన రాత్రి బడుల గురించి తెలిసినవాళ్లకు ఇది వింతగా తోచదు. దస్తావేజు మీద ఏముందో చదవలేక వేలిముద్ర వేసి భూమి పోగొట్టుకున్న ఇళ్లలో, చదవడమంటే మొదటి ఆయుధం సంపాదించినట్టే.

రామయ్య ఊరికి తిరిగి వచ్చేసరికి ఊరు మారి ఉంటుంది. సంఘం వచ్చింది. గడిని పట్టుకోవడం, కాగితాలు తగలబెట్టడం, భూమి పంచుకోవడం, రజాకార్లను ఎదిరించడం ఒకదాని వెంట ఒకటి జరిగిపోతాయి. ఇక్కడ సినిమా కొంచెం తొందరపడుతుందని నా అభిప్రాయం. భూమి చేతికి వచ్చిన మనిషి ముఖం మీద కెమెరా ఇంకాసేపు నిలిచి ఉండాల్సింది. చివరి భాగం మాత్రం గురి తప్పదు. పారిపోయిన దొర, భారత సైన్యం నిజాంను లొంగదీసిన 'పోలీసు చర్య' తర్వాత తిరిగి వస్తాడు. ఇప్పుడు నెత్తిన గాంధీ టోపీ ఉంటుంది, వెనక సైన్యం ఉంటుంది. పంచిన భూమి వెనక్కి అడుగుతాడు. రామయ్య ఆ పోరులో చనిపోతాడు. నిజాం పోయాడు కాబట్టి కథ సుఖాంతం కావాలని ఎదురుచూసే ప్రేక్షకుడికి ఇది చేదు. చరిత్రలో మాత్రం 1948 తర్వాత మూడేళ్లు జరిగింది ఇదే.

సినిమా హైదరాబాద్‌లో ఉదయం ఆటగా చాలాకాలం ఆడింది. కార్లోవీ వేరీ, కైరో, సిడ్నీ చిత్రోత్సవాలకు వెళ్లింది. 2013లో ఒక జాతీయ వార్తాసంస్థ ప్రకటించిన వంద గొప్ప భారతీయ సినిమాల జాబితాలోనూ చోటు చేసుకుంది. వీటికంటే పెద్ద లెక్క ఇంకొకటుంది. థియేటర్ లేని ఊళ్లలో కూడా ఈ సినిమా పాటలు వచ్చినవాళ్లు ఉన్నారు.

పశుల కాపరి పాట

ఆ పాటల్లో రెండు ఈ వ్యాసానికి కావాలి. బండి యాదగిరి కట్టిన 'బండెనక బండి కట్టి' నిజాం మీద నేరుగా సవాలు. గద్దర్ తెరమీద గొంగడి భుజాన వేసుకుని అది పాడిన తీరు ఆ తర్వాత నాలుగు దశాబ్దాల తెలంగాణ పాటకు అచ్చు అయింది. తెలంగాణ ఉద్యమ సభల్లో ఎన్నిసార్లు మళ్లీ మోగిందో లెక్కలేదు.

రెండోది సుద్దాల హనుమంతు రాసిన 'పల్లెటూరి పిల్లగాడా'. ఆడగొంతులో, హడావిడి లేకుండా సాగే పాట. ఇందులో నినాదం లేదు. పశులు కాసే ఒక చిన్నవాణ్ణి ఎవరో దారిలో ఆపి, కడుపు తరుక్కుపోయి అడుగుతున్నట్టు ఉంటుంది. కాళ్లకు తాటి జెగ్గల చెప్పులు, ఒంటికి సరిపోని చిరుగుల అంగీ, చేనులో ముల్లు, జీతంగా కొలిచే గింజల్లో తాలు, ఇవన్నీ ఒక్కొక్కటిగా కనిపిస్తాయి. దొర పేరు ఎక్కడా గట్టిగా చెప్పకుండానే వాడి మీద కేసు రుజువవుతుంది. హనుమంతు సంఘం కార్యకర్త. బుర్రకథలు, గొల్లసుద్దులు ఊరూరా తిప్పినవాడు. పాటలో ఉన్న పిల్లవాడు ఆయన ఊహించుకున్నవాడు కాదు, రోజూ చూసినవాడు.

సినిమాలో రామయ్య బాల్యం చూపిన నిమిషాల కంటే, ఈ ఒక్క పాటలో బాల్యం ఎక్కువ ఉంది. 'మా భూమి' యుద్ధంలో పెరిగిన పిల్లవాడి సినిమా అవునా కాదా అని అడిగితే జవాబు ఇక్కడ ఇవ్వాలి. కథలో రామయ్య యువకుడిగానే ఎక్కువసేపు కనిపిస్తాడు. కెమెరా ఎప్పుడూ పెద్దవాళ్ల ఎత్తులోనే ఉంటుంది. పిల్లవాడి ఎత్తుకు దిగినది పాట ఒక్కటే.

దొర కింద ఆడపిల్లలు

నర్సింగరావు తర్వాత స్వయంగా దర్శకుడయ్యాడు. 1988లో ఆయన తీసిన 'దాసి'లో యుద్ధం లేదు. కథ 1920ల నాటిది. కానీ పోరాటం ఎందుకు వచ్చిందో ఏ ఉపన్యాసం చెప్పనంత స్పష్టంగా అది చెబుతుంది. అరణంగా గడికి వచ్చిన కమలాక్షికి పేరు తప్ప ఇంకేమీ లేదు. అర్చనకు ఉత్తమ నటిగా, అపూర్వ కిషోర్ బీర్‌కు ఛాయాగ్రహణానికి, చిత్రకారుడు తోట వైకుంఠంకు కళాదర్శకత్వానికి జాతీయ పురస్కారాలు వచ్చాయి. మొత్తం ఐదు. గడి లోపలి చీకటి, బావి, గచ్చు కడిగే చేతులు, ఇవే దాని కథ. పిల్లతనం ఎప్పుడు పోయిందో కూడా గుర్తులేని అమ్మాయిని అందులో చూస్తాం.

1997లో దాసరి నారాయణరావు తీసిన 'ఒసేయ్ రాములమ్మ' అదే గడినీ అదే దొరనీ తీసుకుని జనరంజక సినిమాగా మార్చింది. దొర చేతిలో బలైన అమ్మాయి అడవి దారి పట్టి దళనాయకి కావడం దాని కథ. విజయశాంతి నటన, పాటలు ఊరూరా మారుమోగాయి. పెరగడం అన్నది అందులో లేదు. ఒక దెబ్బ తర్వాత రాములమ్మ నేరుగా తుపాకి అవుతుంది.

పిల్లను నిజంగా కథ మధ్యలో నిలబెట్టింది 'రాజన్న'. 2011 డిసెంబర్‌లో వచ్చింది. నిర్మాత, ప్రధాన నటుడు నాగార్జున, దర్శకుడు విజయేంద్రప్రసాద్, సంగీతం కీరవాణి. అనాథ పిల్ల మల్లమ్మకు పాట తప్ప ఆస్తి లేదు. దొరసాని ఆ పాటను కూడా నిషేధిస్తుంది. తమ బాధ ప్రధానమంత్రి నెహ్రూకు పాడి వినిపిస్తానని ఆ పిల్ల ఢిల్లీకి కాలినడకన బయలుదేరుతుంది. బేబీ యాని ఈ పాత్రలో చూపిన మొండితనం మరిచిపోలేనిది. పోరాట వీరుడు రాజన్న ఆ పిల్ల తండ్రి అని రెండో సగంలో తెలుస్తుంది. అక్కడ సినిమా పిల్లను పక్కకు జరిపి తండ్రి వెంట పోతుంది. మొదటి సగం చూసినవాడికి ఆ మలుపు నష్టమే. ఢిల్లీ దారి కథ జానపదం, చరిత్ర కాదు. చరిత్రలో ఊరి పిల్లలు నెహ్రూ దగ్గరికి పోలేదు, నెహ్రూ ప్రభుత్వం పంపిన సైన్యమే ఊరికి వచ్చింది. ఈ సినిమాకు పాటలు రాసినవాళ్లలో సుద్దాల అశోక్‌తేజ ఒకరు. పశుల కాపరి పాట రాసిన హనుమంతు కొడుకు ఆయన.

సముద్రం అవతలి యుద్ధం

మణిరత్నం 2002లో తీసిన తమిళ చిత్రం 'కన్నత్తిల్ ముత్తమిట్టాల్' తెలుగులో 'అమృత'గా వచ్చింది. పిల్ల కంటి నుంచి అంతర్యుద్ధాన్ని చూపిన సినిమాల్లో తెలుగు ప్రేక్షకులకు ఎక్కువగా తెలిసినది ఇదే. రామేశ్వరం శరణార్థి శిబిరంలో పుట్టి చెన్నైలో పెరుగుతున్న అమృతకు తొమ్మిదో పుట్టినరోజున తాను పెంపుడు కూతురని తెలుస్తుంది. కన్నతల్లిని చూడాలంటుంది. ఆ తల్లి శ్రీలంకలో తమిళ పులుల దళంలో ఉంది.

ఈ సినిమా తెలివి ఎక్కడుందంటే యుద్ధాన్ని పిల్ల కోరిక వెనక దాచడంలో. అమృతకు జాతి సమస్య తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. అమ్మ ఎందుకు వదిలేసింది అన్న ఒక్క ప్రశ్న పట్టుకుని పెద్దవాళ్లను బాంబుల మధ్యకు లాక్కుపోతుంది. చివర తల్లిని కలిసినా ఆ ప్రశ్నకు పిల్లకు సరిపోయే జవాబు దొరకదు. పి. ఎస్. కీర్తనకు ఉత్తమ బాలనటి పురస్కారం, ఎ. ఆర్. రెహమాన్‌కు సంగీతానికి, వైరముత్తుకు పాటలకు, తెలుగువాడైన శ్రీకర్ ప్రసాద్‌కు కూర్పుకు జాతీయ పురస్కారాలు దక్కాయి. మొత్తం ఆరు.

దళాల కాలం

1969 తర్వాత నక్సలైటు ఉద్యమం తెలంగాణలో ఇంకో తరాన్ని అదే అనుభవంలోకి నెట్టింది. ఈసారి ఒకవైపు పోలీసులు, ఇంకోవైపు దళం, మధ్యలో ఊరు. వేణు ఊడుగుల దర్శకత్వంలో 2022 జూన్‌లో వచ్చిన 'విరాటపర్వం' ఎదురుకాల్పుల మధ్య కాన్పుతో మొదలవుతుంది. అలా పుట్టిన వెన్నెల, దళ నాయకుడు అరణ్య పేరుతో రాసిన పుస్తకాలు చదువుతూ పెరిగి, అతణ్ణి వెతుక్కుంటూ అడవికి పోతుంది. చివరికి ఆమెను చంపేది పోలీసులు కాదు, అనుమానించిన దళమే. పెరగడానికి చదువే మలుపు కావడం ఇక్కడ మళ్లీ కనిపిస్తుంది. రామయ్యకు అక్షరం ఊరికి తిరిగి వచ్చే దారి చూపింది, వెన్నెలకు ఊరు విడిచే దారి చూపింది. సాయిపల్లవి నటన సినిమాను మోసింది. జనం థియేటర్లకు అంతగా రాలేదు.

2024లో వచ్చిన 'రజాకార్' బైరాన్‌పల్లి ఘటనను తెరమీదికి తెచ్చింది. కానీ భూమి, వెట్టి, దొర అన్న మాటలను వెనక్కి నెట్టి అంతా మతాల మధ్య తగవుగా చూపింది. దొరల్లో ఎక్కువమంది హిందువులే అన్న సంగతి, పోరాటానికి పిలుపునిచ్చిన ముగ్గురిలో మఖ్దూం ఉన్న సంగతి ఆ చట్రంలో ఇమడవు. అందుకే దాన్ని చరిత్రగా తీసుకోలేం.

బయటి దేశాలు ఎలా తీశాయి

స్పెయిన్ అంతర్యుద్ధం 1939లో ముగిసింది. ఫ్రాంకో నియంతృత్వంలో దాని గురించి నోరెత్తే వీలు లేదు. 1973లో విక్టర్ ఎరీథే తీసిన 'ది స్పిరిట్ ఆఫ్ ది బీహైవ్'లో యుద్ధం ఒక్క షాటులో కూడా లేదు. 1940లో ఒక మారుమూల ఊరికి డేరా సినిమాలాగా 'ఫ్రాంకెన్‌స్టయిన్' వస్తుంది. అది చూసిన చిన్నపిల్ల అనా, పొలం మధ్య పాడుబడ్డ కొట్టంలో దాక్కున్న సైనికుణ్ణి ఆ సినిమా భూతమే అనుకుని ఆపిల్ పండు ఇస్తుంది. అతన్ని ఎవరు చంపారో సినిమా చెప్పదు, మనకు అర్థమవుతుంది. సెన్సారు కళ్లు గప్పడానికి పిల్ల కన్ను ఎంత పనికొస్తుందో దీనికంటే బాగా చెప్పిన సినిమా లేదు. 2006లో గిల్యెర్మో దెల్ తోరో 'పాన్స్ లాబిరింత్'లో అదే స్పెయిన్‌కు, ఇంకో చిన్నపిల్ల కథతో మళ్లీ వచ్చాడు.

లూయిస్ మాందోకి 2004లో తీసిన 'వోసెస్ ఇనోసెంతెస్' ఎల్ సాల్వడార్‌ది. కథ రాసిన ఆస్కర్ టోరెస్ సొంత బాల్యమే అది. అక్కడ పన్నెండేళ్లు నిండిన మగపిల్లల్ని సైన్యం బడి నుంచే పట్టుకుపోయేది. పదకొండేళ్ల చావాకు పుట్టినరోజు అంటే భయం. పిల్లలు ఇళ్ల కప్పుల మీద పడుకుని కదలకుండా దాక్కునే దృశ్యం చూసినవాడికి ఇక వ్యాఖ్యానం అక్కర్లేదు. లెబనాన్ నుంచి జియాద్ దూయరీ 1998లో తీసిన 'వెస్ట్ బేరూత్'లో యుద్ధం వచ్చిందని బడి మూసేస్తే పిల్లలు మొదట సంబరపడతారు. సెలవు సరదా భయంగా మారడమే వాళ్లు పెరగడం. కంబోడియా మీద 2017లో ఏంజెలీనా జోలీ తీసిన సినిమా లూంగ్ ఉంగ్ అనే ఐదేళ్ల పాప ఎత్తు నుంచి కెమెరాను కదలనివ్వదు. పెద్దవాళ్ల మాటలు సగమే వినిపిస్తాయి.

సోవియట్ సినిమాలు అంతర్యుద్ధానివి కావు, ఫాసిస్టు దాడికి సంబంధించినవి. అయినా రెంటిని వదిలేస్తే ఈ చర్చ కుంటిదవుతుంది. తార్కోవ్‌స్కీ 'ఇవాన్ బాల్యం' 1962 నాటిది. శత్రువు గీత దాటి కబుర్లు మోసే పన్నెండేళ్ల ఇవాన్, చీటీలు మోసిన మన పోరగాళ్లకు అన్న వరస. ఎలెమ్ క్లిమోవ్ 1985లో తీసిన 'కమ్ అండ్ సీ'లో బెలారుస్ ఊరొకటి తగలబడుతుంది. సినిమా మొదట్లో తుపాకి దొరికిందని మురిసిన ఫ్ల్యోరా ముఖం, చివరికి వచ్చేసరికి ముసలిదైపోతుంది. బైరాన్‌పల్లి మీద సినిమా తీయాలనుకునేవాళ్లు ముందు చూడాల్సింది ఇదే.

ఈ సినిమాలకూ మనవాటికీ తేడా డబ్బులోనో సాంకేతికతలోనో లేదు. వాళ్లు కెమెరాను పిల్లవాడి కళ్ల ఎత్తున పెట్టి అక్కడే ఉంచారు. మనం ఉద్యమం ఎత్తున పెట్టాం. సంఘం ఒక మనిషిని ఎలా మార్చిందో 'మా భూమి' చూపగలిగింది. ఒక పిల్లవాడికి యుద్ధం ఎలా వినిపించిందో చూపలేదు, చూపాలనుకోలేదు కూడా. 1979లో అత్యవసర పరిస్థితి ముగిసి రెండేళ్లయింది. ఆ కాలానికి కావాల్సింది పోరాట చరిత్రను మళ్లీ నిలబెట్టడం. ఆ పని అది చేసింది. తప్పు ఆ సినిమాది కాదు, ఆ తర్వాత నలభై ఏళ్లకు పైగా ఇంకెవరూ దాని పక్కన రెండో అడుగు వేయకపోవడమే తప్పు.

ముడిసరుకు లేదనడానికి వీల్లేదు. వట్టికోట ఆళ్వారుస్వామి 'ప్రజల మనిషి'లో కంఠీరవం అనే పిల్లవాడు ఊరి అన్యాయం చూస్తూ పెరిగి కార్యకర్త అవుతాడు. దాశరథి రంగాచార్య నవలల్లో గడి కింద పెరిగినవాళ్లు వరుసగా ఉన్నారు. వీటిలో 'చిల్లర దేవుళ్లు' మాత్రమే 1970లలో తెరకెక్కింది. మిగతావి పుస్తకాల అరల్లోనే ఉన్నాయి.

1948లో పదేళ్లున్న పిల్లలకు ఇప్పుడు ఎనభై ఐదేళ్లు దాటాయి. బైరాన్‌పల్లిలో, హుస్నాబాద్ చుట్టుపక్కల, చిన్నకోడూరు మండలంలోనూ అలాంటివాళ్లు ఇంకా కొందరు ఉండే ఉంటారు. సినిమా తర్వాత సంగతి. ముందు ఎవరైనా ఫోనులో రికార్డరు పెట్టుకుని వాళ్ల ఇంటి అరుగు మీద కూర్చోవాలి. ఏ దళం, ఏ నాయకుడు అని కాదు అడగాల్సింది. ఆ రోజు నువ్వెక్కడున్నవు, ఏం తిన్నవు, ఎవరు దాచిండ్రు అని అడగాలి.